గ్లౌజులతో పియానో: ధ్వని మారదు, వేలికి తెలిసేది మారుతుంది

వీణ మీద గమకం పలికించే ఎడమచేతి వేలికి తొడుగు వేయడం కుదరదు. తీగ నేరుగా వేలి కింద ఉంటుంది. చర్మం తీగను లాగే చోటే గమకం పుడుతుంది. మధ్యలో గుడ్డ అడ్డం పడితే నాదం అక్కడికక్కడే చచ్చిపోతుంది. పియానో సంగతి వేరు. యాభై ఏళ్లు వాయించినా పియానిస్టు వేలు తీగను తాకదు. వేలు మెట్టును (కీని) నొక్కుతుంది, మెట్టు వెనక కొస పైకి లేచి కొన్ని చెక్క మీటలను కదుపుతుంది, ఆ కదలిక ఫెల్ట్ (ఒత్తి దట్టం చేసిన ఉన్ని) చుట్టిన సుత్తిని తీగ మీదికి విసురుతుంది. తీగ ఇంకా ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉండగానే సుత్తి ఆ మీటల నుంచి విడిపోతుంది. ఆ చివరి దూరం తనంతట తనే ఎగిరిపోతుంది. అప్పుడు సుత్తి దగ్గర మిగిలేది వేగం ఒక్కటే. నొక్కింది ఒట్టి వేలా, ఉన్ని గ్లౌజు తొడిగిన వేలా అన్నది దానికి తెలియదు. డిజిటల్ పియానోలోనూ ఇదే లెక్క. మెట్టు కింద ఉన్న రెండు మూడు సెన్సర్లలో ఒకదాని నుంచి మరొకదానికి చేరడానికి పట్టిన సమయాన్ని బట్టే ధ్వని బలం నిర్ణయమవుతుంది.

కాబట్టి గ్లౌజు వల్ల పియానో ధ్వని పాడవదు. ఒకే వేగంతో నొక్కితే ఒకే ధ్వని వస్తుంది. నిజానికి ఒక చిన్న లాభం కూడా ఉంది. వేలిని పై నుంచి కొట్టినట్టు దించితే గోరూ చర్మమూ మెట్టుకు తగిలి ‘టక్’మనే సన్నని చప్పుడు స్వరం కంటే కొంచెం ముందుగా పుడుతుంది. గుడ్డ ఆ చప్పుడును మింగేస్తుంది. అయినా గ్లౌజు వేసుకోగానే అలవాటైన పాట కూడా ఎగుడుదిగుడుగా వస్తుంది. అందుకు కారణం పియానోలో లేదు. మెట్టు దగ్గర ఏం జరుగుతోందో వేలికి అందే కబురు సగంలో ఆగిపోతుంది, దాంతో తరవాతి మెట్టును ఎంత వేగంతో నొక్కాలో చేతికి అంతుపట్టదు.

తీగలు అడ్డంగా పరిచి ఉండే గ్రాండ్ పియానో దగ్గర దీన్ని రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. కీబోర్డు మధ్యలో ఒక తెల్ల మెట్టును, శబ్దం రాకుండా, ఊపిరి బిగబట్టినంత నిదానంగా దించండి. మెట్టు మొత్తం దిగేది సుమారు 10 మిల్లీమీటర్లు. చాలా భాగం నున్నగా జారుతుంది. అడుగుకు చేరబోయే ముందు వేలి కింద చిన్న గట్టు తగిలినట్టు అనిపిస్తుంది, దాన్ని దాటాక మళ్లీ తేలిక. సుత్తి విడిపోయే చోటు అదే. అతి మెల్లని స్వరాలు వాయించేవాళ్లు ఆ గట్టును నమ్ముకునే వాయిస్తారు, దాన్ని ఎంత నెమ్మదిగా దాటితే స్వరం అంత మెత్తన. ఇప్పుడు పల్చని నూలు గ్లౌజుతో అదే మెట్టును దించండి, గట్టు మసకబారుతుంది. ఉన్ని గ్లౌజుతో అయితే దాదాపు మాయమవుతుంది. తీగలు నిలువుగా ఉండే అప్‌రైట్ పియానోలో ఈ గట్టు మొదటి నుంచీ బలహీనమే, చవక డిజిటల్ కీబోర్డులో అసలుండదు. ఆ వాద్యాల మీద గ్లౌజు వల్ల నష్టం తక్కువగా కనిపించడానికి అదొక కారణం.

అరచేతి వైపు చర్మంలో స్పర్శను పట్టే నాడుల కొసలు సుమారు 17,000 ఉంటాయని అంచనా. అవి అత్యంత దట్టంగా ఉండేది వేళ్ల కొసల్లో. అక్కడ రెండు మూడు మిల్లీమీటర్ల ఎడం ఉన్న రెండు మొనలను కూడా వేలు వేర్వేరుగా గుర్తుపడుతుంది. వీటిలో కొన్ని అంచులనూ, చర్మం సాగడాన్నీ పసిగడతాయి. లోతుగా ఉండే మరికొన్ని కంపనాన్ని పట్టుకుంటాయి. కంపనం గుడ్డను దాటుకుని వస్తుంది, అంచు రాదు. అందుకే గ్లౌజు వేసుకున్నా మెట్టు అడుగుకు తగిలిన దెబ్బ తెలుస్తుంది కానీ, వేలు మెట్టు నడుమ ఉందో అంచున ఉందో తెలియదు. తప్పులు ఎక్కువగా వచ్చేది కూడా అక్కడే, పక్క మెట్టు తోడుగా మోగడం, నల్ల మెట్టు మీంచి వేలు జారిపోవడం.

ఇక ఏ మెట్టు ఎక్కడుందన్నది వేలి కొసకంటే భుజం, మోచేయి, మణికట్టు బాగా గుర్తుపెట్టుకుంటాయి. 1763లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇచ్చిన కచేరీ ప్రకటనలో, బాల మొజార్ట్ మెట్ల మీద గుడ్డ కప్పి ఉంచినా చూస్తున్నట్టే వాయిస్తాడని వేశారు. అలా వాయించడం సాధ్యమే. దూరాలు చేతికి బాగా అలవాటైన పాట గుడ్డకు లొంగదు. కొత్తగా నేర్చుకుంటున్న పాట మాత్రం లొంగిపోతుంది, ఎందుకంటే దూరాలను సరిచేసుకోవడానికి వేలికి అంచు తెలియాలి.

కొలతలు చూస్తే విషయం ఇంకా స్పష్టమవుతుంది. తెల్ల మెట్టు ముందు భాగం వెడల్పు సుమారు 23.5 మిల్లీమీటర్లు. అక్కడ గ్లౌజుకూ చోటుంటుంది. నల్ల మెట్ల మధ్య, లోపలి వైపు, తెల్ల మెట్టు 13, 14 మిల్లీమీటర్లకు చిక్కిపోతుంది. పెద్దవాళ్ల వేలు ఒట్టిగానే అక్కడ ఒరుసుకుంటూ దూరుతుంది. 2 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉన్ని గ్లౌజు వేలికి రెండు వైపులా కలిపి 4 మిల్లీమీటర్లు పెంచుతుంది. ఇక ఆ వేలు అక్కడ పట్టదు, పక్కనున్న నల్ల మెట్టును కూడా తనతో దించేస్తుంది. నల్ల మెట్టు పైభాగం దాదాపు 10 మిల్లీమీటర్లే. వేలి పక్కల ఉండే కుట్టు దాని అంచు మీద పడితే వేలు పక్కకు దొర్లుతుంది. కుట్లు లేకుండా గుండ్రంగా అల్లిన గ్లౌజుకు ఈ ఇబ్బంది తక్కువ.

గుడ్డ రకాన్ని బట్టి తప్పు రకం మారుతుంది. ఉన్ని, నూలు జారతాయి. ప్లాస్టిక్ మెట్టు మీద నూలు గ్లౌజు వేలు ముందుకు జారి, దూకాల్సిన చోట ఆలస్యమవుతుంది. తోలు అందుకు వ్యతిరేకం, కొత్తలో బిర్రుగా ఉండి వేలిని వంగనివ్వదు, మెత్తబడ్డాక మెట్టును పట్టుకుని వదలదు. రబ్బరు గ్లౌజులు ఇంకా ఎక్కువ పట్టేస్తాయి. ఆసుపత్రుల్లో వాడే నైట్రైల్ గ్లౌజు మందం సుమారు 0.1 మిల్లీమీటరే కాబట్టి స్పర్శ బాగానే అందుతుంది, నల్ల మెట్ల మధ్య ఇరుకూ ఉండదు. కానీ ఒక స్వరం మీద వేలు మార్చేటప్పుడు, వేలు మెట్టు మీద కాస్త జరగాల్సి ఉంటుంది. నైట్రైల్ అక్కడ అంటుకుపోయి చర్మాన్ని మెలితిప్పుతుంది. పావుగంటలో లోపల చెమట నిండుతుంది. విశాఖపట్నం, కాకినాడల ఉక్కపోతలో అంత సేపు కూడా పట్టదు. చేతులకు చెమట పడుతుందని గ్లౌజు వేసుకోవడం పనికిరాని ఉపాయం. పక్కన పొడి నూలు రుమాలు పెట్టుకోవడమే మేలు.

వేలు తెగినప్పుడు మొత్తం గ్లౌజు అక్కర్లేదు. వేలి కొసకు మాత్రమే తొడిగే రబ్బరు తొడుగులు మందుల షాపుల్లో దొరుకుతాయి. గాయం వేలి పక్కన ఉంటే పల్చని వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్ చాలు, దాని అతుకు గోరు వైపు రావాలి, మెట్టును తాకే మెత్త మీదికి రాకూడదు. గాయం సరిగ్గా ఆ మెత్త మీదే ఉంటే, లేదా కుట్లు పడి ఉంటే, ఏ తొడుగూ సాయపడదు. ఆ వేలును తప్పించి వేళ్ల వరస మార్చుకోవాలి, లేదా మానేదాకా రెండో చేత్తో సాధన చేయాలి. మెట్టు మీద రక్తపు మరక పడితే కొంచెం తడిపిన గుడ్డతో తుడవాలి. శానిటైజర్ గానీ స్పిరిట్ గానీ వాడితే కొన్ని రకాల ప్లాస్టిక్ మెట్ల మీద సన్నని పగుళ్లు వస్తాయి.

అసలు గ్లౌజుల ఆలోచన ఎక్కువమందికి వచ్చేది చలికే. చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. చేయి చల్లబడ్డకొద్దీ నాడుల్లో సంకేతాల వేగం ఒక్కో డిగ్రీకి సెకనుకు ఒకటిన్నర నుంచి రెండు మీటర్ల చొప్పున పడిపోతుంది. మామూలుగా ఆ వేగం 50, 60 మీటర్లు. కీళ్ల మధ్య ఉండే ద్రవం చిక్కబడుతుంది. వేలి కొసలో స్పర్శ మొద్దుబారుతుంది. అంటే చలే చర్మం మీద ఒక కనిపించని గ్లౌజు. దాన్ని తీయడానికి మరో గ్లౌజు తొడిగి వాయిస్తే రెండు గ్లౌజుల నష్టం మిగులుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. వేళ్లను వంచి, లేపే ప్రధాన కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. అక్కడి నుంచి స్నాయువులు తాళ్లలా మణికట్టు మీదుగా వేళ్లకు వస్తాయి. మోచేతి కింద ఎడమ చేత్తో పట్టుకుని కుడి వేళ్లను కదిపితే చర్మం కింద కండరాలు అలల్లా కదలడం తెలుస్తుంది. వేళ్లకు వెచ్చటి రక్తం వచ్చేదీ ఆ దారినే. కాబట్టి చలిలో ముందు కప్పాల్సింది ముంజేయి, మణికట్టు. పొట్టి చేతుల చొక్కా వేసుకుని చేతులకు మాత్రం గ్లౌజులు తొడగడం తలకిందుల పద్ధతి. పాత మేజోడు పాదం భాగం కత్తిరించి, మిగిలిన గొట్టాన్ని మోచేతి నుంచి మణికట్టు దాకా తొడుక్కుంటే ఖరీదైన గ్లౌజు కంటే బాగా పనిచేస్తుంది, పైగా వేలికి ఏ అడ్డూ లేదు. టొరంటోలో, షికాగోలో జనవరి చలిలో పిల్లల్ని పియానో క్లాసుకు తీసుకెళ్లే మన కుటుంబాలకూ, హైదరాబాద్‌లో ఏసీ హాల్లో తన వంతు కోసం గంటసేపు కూర్చునే పిల్లలకూ పనికొచ్చే ఉపాయమిది.

కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ పేరు గ్లౌజులతో పెనవేసుకుపోయింది. 1955 జూన్‌లో, న్యూయార్క్ ఎండల్లో, జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్ల రికార్డింగుకు ఆయన ఓవర్‌కోటు, మఫ్లరు, గ్లౌజులతో వచ్చాడు. వేళ్ల కొసలు బయటికి ఉండే గ్లౌజులు ఆయన ఫొటోల్లో కనిపిస్తాయి. వాయించే ముందు చేతులను మోచేతుల దాకా ఇరవై నిమిషాల పాటు వేడినీళ్లలో ఉంచేవాడు. ఇది పిచ్చి అలవాటని చాలామంది రాశారు. శరీర నిర్మాణం చూస్తే మాత్రం ఇందులో రెండు పనులు సరిగ్గా ఉన్నాయి. కండరాలున్న చోటును వేడి చేశాడు, వేలి కొసను వదిలేశాడు.

ఆ పద్ధతిని ఇంట్లో పాటించాలంటే నీళ్లు 38 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే చాలు, పది నిమిషాలు సరిపోతాయి. మోచేతి దాకా మునగాలి. తీశాక వేళ్ల సందుల్లో కూడా బాగా తుడుచుకోవాలి, తడి ఆరేటప్పుడు చేయి మళ్లీ చల్లబడుతుంది. నాని మెత్తబడ్డ చర్మం మెట్టు మీద జారుతుంది కాబట్టి ఐదు నిమిషాలు ఆగి మొదలుపెట్టాలి. ఆ ఐదు నిమిషాలూ గ్లౌజులు పూర్తిగా వేసుకుని కూర్చోవడం మంచి పని. నిండు గ్లౌజు అక్కర అక్కడే, పియానో ముందు కూర్చునేదాకా. మధుమేహంతో వేళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు నీటి వేడిని తమ చేత్తో చూసుకోకూడదు, థర్మామీటరుతో గానీ మరొకరి చేత్తో గానీ చూడాలి.

కొసలు లేని గ్లౌజు కావాలంటే కొనడం కంటే కత్తిరించుకోవడం మేలు, ఎందుకంటే బజారులో దొరికేవి సైకిల్ తొక్కేవాళ్ల కోసం చేసినవి. అల్లిన పల్చని గ్లౌజు తీసుకోవాలి, మందం ఒక మిల్లీమీటరు మించకూడదు, మణికట్టు దాటి కనీసం పది సెంటీమీటర్లు ఉండాలి. తొడుక్కుని, వాయించే భంగిమలో వేళ్లు వంచి, కొస నుంచి మొదటి కణుపుకూ రెండో కణుపుకూ సరిగ్గా మధ్యలో సుద్దతో గీత గీయాలి. అల్లిక కత్తిరించగానే వెనక్కి చుట్టుకుంటుంది కాబట్టి గీతకు అర సెంటీమీటరు అవతల, కొస వైపు కత్తిరించాలి. బొటనవేలికి ఈ లెక్క పనికిరాదు. అది మెట్టును తన పక్క భాగంతో నొక్కుతుంది, స్వరాలు వరసగా ఎక్కేటప్పుడు అరచేతి కిందికి దూరుతుంది. అక్కడ గుడ్డ ఉంటే అరచేతి గుడ్డకు తగిలి ఆగిపోతుంది. అందుకే బొటనవేలికి కణుపు కిందికి, మొదలు దగ్గరగా కత్తిరించాలి. చిటికెన వేలు కూడా ఆక్టేవ్ (ఒక ‘స’, దాని పై ‘స’) వాయించేటప్పుడు పక్కకు వాలి మెట్టు మీద పడుకుంటుంది, దాని బయటి వైపు ఇంకాస్త పొట్టిగా ఉండాలి. అంచుకు సన్నదారంతో వదులుగా కుట్టు వేస్తే చాలు. ఎలాస్టిక్ వేయకూడదు. పది నిమిషాల తర్వాత గ్లౌజు తీస్తే వేలి మీద గీత పడి ఉందంటే అది రక్తాన్ని బిగిస్తోందని అర్థం, ఆ గ్లౌజు వెచ్చదనం ఇవ్వకపోగా వేలిని ఇంకా చల్లబరుస్తుంది.

తరవాత పరీక్ష. ఒక ‘స’ నుంచి పై ‘స’కు చేయి చాచాలి, రెండు మెట్ల నడుముల మధ్య దూరం దాదాపు 165 మిల్లీమీటర్లు. అరచేతిలో గుడ్డ బిగిసి చిటికెన వేలిని లోపలికి లాగితే సైజు చిన్నది. బొటనవేలు కిందికి దూర్చి రెండు ఆక్టేవ్‌లు నిదానంగా, తర్వాత వేగంగా ఎక్కాలి. రెండింటిలోనూ గుడ్డ ఉన్న సంగతి గుర్తుకు రాకపోతే గ్లౌజు కుదిరినట్టే. అరచేతిలో పట్టు కోసం రబ్బరు చుక్కలు అతికించిన గ్లౌజులు వద్దు, అవి మెట్ల అంచులకు తగులుకుంటాయి. ఉన్నివైతే ముందు ఒకసారి ఉతకాలి. రాలే నూగు మెట్ల సందుల్లోంచి అడుగుకు చేరుతుంది.

మందపాటి గ్లౌజులతోనో, బరువులు కట్టిన గ్లౌజులతోనో సాధన చేస్తే వేళ్లకు బలం వస్తుందన్న నమ్మకం అక్కడక్కడా ఉంది. మెట్టు దిగడానికి కావలసిన బరువు సుమారు 50 గ్రాములు, ఒక కోడిగుడ్డు అంత. పియానోలో కొరవడేది బలం కాదు, సమయం మీద అదుపు. గ్లౌజు దెబ్బతీసేది సరిగ్గా ఆ అదుపునే. ఇలాంటి సాధన చేతికి హాని చేస్తుంది, వదిలేయడమే మంచిది.

సంగీతమే గ్లౌజును అడిగిన సందర్భం కూడా ఉంది. జర్మన్ స్వరకర్త కార్ల్‌హైంజ్ స్టాక్‌హౌసెన్ 1954లో మొదలుపెట్టి 1961లో తుదిరూపం ఇచ్చిన పదో పియానో రచనలో, అరచేతితో, ముంజేతితో మెట్ల గుంపులను ఒకేసారి నొక్కుతూ కీబోర్డు పొడవునా ఈడ్చుకుపోవాలి. ఒట్టి చేత్తో అలా పదే పదే లాగితే చర్మం లేచిపోతుంది. అందుకని పియానిస్టులు వేళ్ల కొసలు కత్తిరించిన ఉన్ని గ్లౌజులు తొడుక్కుంటారు. చలికి తొడిగే గ్లౌజుకూ దీనికీ ఆకారం ఒకటే. అక్కడ కావలసింది వెచ్చదనం, ఇక్కడ ఉన్నికి ఉన్న జారే గుణం. ఈడ్పుల మధ్య విడి స్వరాలూ వాయించాలి గనక ఇక్కడా కొసలు మాత్రం ఒట్టిగానే ఉంటాయి.

పైన చెప్పిన లెక్కలన్నిటికీ భిన్నంగా నిలిచే గ్లౌజు ఒకటి బ్రెజిల్‌లో పుట్టింది. బాఖ్ రచనలు వాయించడంలో పేరుపొందిన పియానిస్టు జొవావ్ కార్లోస్ మార్టిన్స్ 1940లో పుట్టాడు. 1965లో న్యూయార్క్‌లో ఫుట్‌బాల్ ఆడుతూ పడి చేతి నాడి దెబ్బతింది. 1995లో బల్గేరియాలోని సోఫియాలో దొంగలు ఇనుప గొట్టంతో తలమీద కొట్టారు. రెండు డజన్ల ఆపరేషన్ల తర్వాత వేళ్లు ముడుచుకుపోయాయి, ఆయన వాద్యబృందాన్ని నడిపించే కండక్టరుగా మారాడు. పారిశ్రామిక డిజైనరు ఉబిరతాన్ బిజారో కోస్తా ఆయన చేతులను గమనించి ఒక గ్లౌజు తయారుచేశాడు. నియోప్రీన్ (ఒక రకం కృత్రిమ రబ్బరు) తొడుగు, దాని మీద త్రీడీ ప్రింటరుతో చేసిన చట్రం, ఒక్కో వేలి మీద స్ప్రింగులా వంగే స్టీలు కడ్డీ. మోటారు గానీ కంప్యూటరు గానీ అక్కర్లేదు. ఖర్చు సుమారు 500 బ్రెజిల్ రియాలు, అప్పటి లెక్కన 125 డాలర్లు. ఆ వేళ్లకు నొక్కే శక్తి మిగిలే ఉంది, నొక్కాక లేచే శక్తి పోయింది. వేలు మెట్టును దించగానే కడ్డీ దాన్ని పైకి లేపుతుంది. స్పర్శ కొంత పోతుంది, నిజమే. కానీ లేవని వేలికి స్పర్శ ఉండీ లాభం లేదు. దేన్ని వదులుకుని దేన్ని దక్కించుకోవాలో ఇంత సూటిగా తేల్చుకున్న పరికరం అరుదు. 2019 చివర్లో ఆ గ్లౌజులు అందాక, 79 ఏళ్ల వయసులో, ఆయన మళ్లీ పది వేళ్లతో వాయించాడు.

జపాన్‌లో పరిశోధకుడు షినిచీ ఫురుయా బృందం మరో దారిలో వెళ్లింది. చేతికి తగిలించే యంత్రం వేళ్లను వాటంతట అవి కదలలేనంత వేగంగా, చిక్కైన వరసల్లో కదిలిస్తుంది. 2025 జనవరిలో ప్రచురించిన ఆ పరిశోధనలో 118 మంది పియానిస్టులు పాల్గొన్నారు. సాధనతో ఇక పెరగదనుకున్న వేగం, 30 నిమిషాల పాటు వేళ్లను యంత్రానికి అప్పగించాక పెరిగింది. యంత్రం తగిలించని రెండో చేతిలోనూ మెరుగు కనిపించింది. యంత్రం విప్పేశాకే వాళ్లు పియానో వాయించారన్నది ఇక్కడ గమనించాలి.

అమెరికాలోని జార్జియా టెక్ విశ్వవిద్యాలయంలో తయారైన గ్లౌజు ఇంకా సాదాది. చేతి వెనక వైపు చిన్న పెట్టె, ఒక్కో వేలి దగ్గర కంపించే చిన్న మోటారు. పాటలో తరవాత ఏ వేలు పడాలో ఆ వేలు దగ్గర ‘జుయ్’మంటుంది. వెన్నుపాముకు దెబ్బతగిలి చేతుల్లో పట్టూ స్పర్శా తగ్గినవాళ్లు, గాయమై ఏడాది దాటినవాళ్లు, ఎనిమిది వారాల పాటు వారానికి మూడుసార్లు అరగంట చొప్పున పియానో నేర్చుకున్నారు. వాళ్లలో సగం మంది దానికి తోడు రోజుకు రెండు గంటలు, వారానికి ఐదు రోజులు, ఇంట్లో మామూలు పనులు చేసుకుంటూ ఆ గ్లౌజు వేసుకున్నారు. 2012లో ఫలితాలు వెల్లడించినప్పుడు, గ్లౌజు వేసుకున్నవాళ్ల చేతుల్లో స్పర్శ ఎక్కువగా మెరుగైందని తేలింది. వాళ్లలో కొందరికి, గాయమయ్యాక మొదటిసారి, పక్కమీది దుప్పటి నేత వేళ్లకు తెలిసింది.